ట్యాంకు నిండా నమూనా

మా ఊరి వాగు గట్టు పొడుగునా కానుగ చెట్లున్నాయి. ఎవరు నాటారో తెలియదు. వేసవిలో వాటి కాయలు రాలతాయి, ఎండుతాయి, తొక్కితే పటపటమంటాయి. మేకలు కూడా వాసన చూసి మూతి తిప్పుకుని పోతాయి. అటువంటి కాయల వల్ల మా ఊరు జిల్లాకంతటికీ ఆదర్శ గ్రామమైంది. ఆ ఆదర్శం నుంచి బయటపడటానికి మేము పడిన తంటాలు అన్నీ ఇన్నీ కావు.

దీనికంతటికీ మూలం వెంగమ్మ. ఆమెకు వాగు పక్కన ఎకరన్నర మిరపతోట ఉంది. నీళ్ళు కింద వాగులో ఉంటాయి, తోట పైన ఉంటుంది. మధ్యలో గట్టు మీద ఆయిలింజను. దానికి పొద్దస్తమానం డీజిలు పొయ్యాలి. డీజిలు ధర పెరిగినప్పుడల్లా వెంగమ్మ ఇంజను వంక చూసి, "దీనికి పోసేదాంతో ఇద్దరు మొగుళ్ళని మేపొచ్చు" అనేది. ఆమె భర్త పోయి చాలాకాలమైంది కనుక ఆ మాటకు నొచ్చుకునే వాళ్ళెవరూ లేరు.

ఆమె మేనల్లుడు చెంచురామయ్యకు ఊళ్ళో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డూ, వాగుకు దూరంగా కొంచెం మిరపతోటా ఉన్నాయి. కొన్నాళ్ళు కర్ణాటకలో పనిచేసి వచ్చాడు. కానుగ గింజల నూనెతో డీజిలు లాంటిది చేయవచ్చని అక్కడ చూశాడట. ఒక వేసవిలో మేనత్త చేత రెండు బస్తాల గింజలు ఏరించి, గానుగ ఆడించి, ఆ నూనె వేడిచేసి, అందులో స్పిరిటూ సోడా కలిపి, డ్రమ్ములో తేరనిచ్చాడు. అడుగున జిడ్డు దిగింది. పైన తేనె రంగు నూనె నిలిచింది. దాన్ని కడిగి ఆరబెట్టి ఇంజన్లో పోశాడు. ఇంజను రెండుసార్లు దగ్గింది. మూడోసారి టకటకమని అందుకుంది. పైపులోంచి నీళ్ళు దూకి మిరప సాళ్ళలోకి పరిగెత్తాయి.

ఊరంతా గట్టు మీదికి వచ్చింది. చేదు వాసన ముక్కులు పగలగొడుతున్నా ఎవరూ కదల్లేదు.

"ఏందిరా చెంచురామా, నిజంగా కాయలతోనే నడస్తందా?" అని వెంగమ్మ నాలుగుసార్లు అడిగింది. అడిగిన ప్రతిసారీ వాడు "నిజంగానే అత్తా" అన్నాడు. నాలుగోసారి నూనె క్యాను ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

ఆ వారంలోనే సంఘం పెట్టుకున్నాం. నలభై ఇళ్ళ వాళ్ళం చేరాం. ఎవరెన్ని గింజలు తెస్తే వాళ్ళకు ఆ వంతున నూనె. అంతకు మించి నియమాలు లేవు. అధ్యక్షురాలు వెంగమ్మ. తయారీ చెంచురామయ్య. హైస్కూల్లో తెలుగు చెప్పే నన్ను కార్యదర్శిని చేశారు. సంఘమన్నాక కార్యదర్శి ఉండాలి, ఊళ్ళో మిరపతోట లేక ఖాళీగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. 'వాగుగట్టు కానుగ ఇంధన సహకార సంఘం' అని చెంచురామయ్య తన చేత్తోనే ఆకుపచ్చ రంగుతో బోర్డు రాసుకున్నాడు. మూలన ఒక కానుగ రెమ్మ కూడా వేశాడు. అది చూడటానికి కరివేపాకులాగా ఉందని నేను అనలేదు.

కార్తీకం దాకా అంతా బాగానే జరిగింది. ఇంజన్లు నడిచాయి, తోటలు పచ్చగా ఉన్నాయి, బంకు వైపు వెళ్ళే పని లేకుండా పోయింది. అప్పుడు పేపర్లో మా గురించి వేశారు.

ఆ సంవత్సరం జీవ ఇంధన సంవత్సరమని పైనుంచి ప్రకటన వచ్చిందట. సంవత్సరం ముగింపుకొస్తున్నా జిల్లాలో జీవ ఇంధనం ఎక్కడా దొరకక జీవ ఇంధన ప్రోత్సాహక విభాగం వాళ్ళు దిగాలుగా ఉన్నారు. పేపరు చూసిన రోజునే ఆ విభాగం ఉప సంచాలకులు ఫణిభూషణం గారు జీపు వేసుకుని వచ్చేశారు. డ్రమ్ములోకి తొంగిచూసి, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, డ్రమ్ము చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"ఇది నూనె కాదు" అన్నారు చివరికి.

చెంచురామయ్య బిక్కమొహం వేశాడు.

"ఇది గ్రామీణ స్వావలంబన యొక్క ద్రవరూపం" అని పూర్తిచేశారు ఫణిభూషణం గారు. "స్థానిక వనరుల సమగ్ర సద్వినియోగానికి ఇంతకన్నా నిదర్శనం ఏముంటుంది? దీన్ని మా వాహనంలో పోయవచ్చునా?"

"ఎందుకు పొయ్యకూడదు సార్, బ్రహ్మాండంగా పోతది" అన్నాడు చెంచురామయ్య. ఒక ఆఫీసరు తన నూనె అడుగుతున్నాడని వాడి మొహం వెలిగిపోయింది.

"అయితే ఒక చిక్కుంది. అమ్మడానికి మీకు లైసెన్సు లేదు. కనుక మేము కొనరాదు. ఉచితంగా పుచ్చుకుందామంటే అది వేరే సెక్షను కిందికి వస్తుంది. కాబట్టి నమూనాగా స్వీకరిస్తాం."

చెంచురామయ్య లోపలికి పరిగెత్తి ఒక చిన్న సీసా కడుక్కొచ్చాడు. ఫణిభూషణం గారు ఆ సీసాను దయగా చూశారు.

"నమూనా మాకు కాదయ్యా, వాహనానికి. వాహనం నమూనా అంటే ట్యాంకు నిండా."

జీపు మలుపు తిరిగేదాకా మేమంతా చేతులూపాం. వెంగమ్మ మాత్రం డ్రమ్ములో చెయ్యి పెట్టి ఎంత తగ్గిందో చూసుకుంది.

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. మా ఊరిని ఆదర్శ జీవ ఇంధన గ్రామంగా ప్రకటించారు. సంఘాన్ని ప్రోత్సహించే నిమిత్తం, సంఘాన్ని సందర్శించు ప్రతి ప్రభుత్వ వాహనమూ తిరుగు ప్రయాణానికి సంఘపు ఇంధనాన్నే నమూనాగా స్వీకరించవలెనని, తద్వారా గిరాకీ సృష్టించవలెనని అందులో ఉంది. నేను దాన్ని షెడ్డులో నిలబడి పైకి చదివాను. కష్టమైన సమాసాలు కొన్ని విడదీసి అర్థం చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక బళ్ళు రావడం మొదలైంది. ముందు వ్యవసాయ శాఖ వచ్చింది. చెట్లు కనుక అటవీ శాఖ వచ్చింది. అధ్యక్షురాలు ఆడమనిషి కనుక మహిళా సంక్షేమం వాళ్ళు వచ్చారు. మేకలు ఈ కాయలు ఎందుకు తినవో తెలుసుకోవడానికి పశువైద్యులు వచ్చి, మేకలను అడగడానికి వీలుకాక మమ్మల్ని అడిగి వెళ్ళారు. పక్క జిల్లాల వాళ్ళు అధ్యయన యాత్ర పేరుతో బస్సుల్లో దిగారు. ఎంత దూరం నుంచి వస్తే తిరుగు ప్రయాణానికి అంత నమూనా కావాలి. కొందరు తెలివిగా క్యాన్లు కూడా తెచ్చుకున్నారు, దారిలో నమూనా అయిపోతుందేమోనని.

వెంగమ్మ మెడలో పూలదండ, చేతిలో పలుగుతో తిరిగేది. దండ తీసి ఇంజను మీద పెట్టి కాసేపు తోటలో పనిచేసుకునేది. జీపు హారను వినబడగానే మళ్ళీ వేసుకునేది. నేను స్వాగతోపన్యాసం ఎన్నిసార్లు చదివానంటే, మా ఆవిడ వంటింట్లో ఉప్పు అడిగితే "సభకు నమస్కారం" అని మొదలుపెట్టేవాణ్ణి.

సంక్రాంతి నెల వచ్చేసరికి మా ఇంజన్లకు రోజు విడిచి రోజు నూనె పోస్తున్నాం. తర్వాత అదీ లేదు. మిరప పూత మీద ఉంది. ఆ సమయంలో నీళ్ళు తప్పితే పూత రాలిపోతుంది. వెంగమ్మ, చెంచురామయ్య, నేను కలిసి జిల్లా ఆఫీసుకు వెళ్ళాం.

ఫణిభూషణం గారి గదిలో గోడ మీద పెద్ద గ్రాఫు ఉంది. అందులో ఎర్రగీత ఒకటి పైకి పాకి, చట్రం దాటి, సున్నం మీదికి కూడా కొంచెం పోయింది.

"మీ గీతే అమ్మా" అన్నారాయన ఆప్యాయంగా. "వినియోగం ఏ స్థాయిలో ఉందో చూశారా?"

"చూశాం సార్. మా తోటలు ఎండిపోతన్నయి. ఒక నెలరోజులు బళ్ళు రాకుండా చూడండి. ఆ నూనె మా ఇంజన్లకు పోసుకుంటాం" అంది వెంగమ్మ.

ఆయన మొహం ముడుచుకుంది. "అదేనమ్మా మీ సంఘంలో నేను గమనించిన ఏకైక లోపం. ఉత్పత్తిలో కొంత భాగం గ్రామంలోనే లీకేజీ అవుతోంది."

"లీకేజీ ఏంది సార్? డ్రమ్ముకి బెజ్జం కూడా లేదే" అన్నాడు చెంచురామయ్య.

"గ్రామస్థులు పోసుకుంటున్నారని మీరే చెబుతున్నారు కదా?"

"మా నూనె మేం పోసుకుంటే లీకేజీ ఎట్టయిద్ది?" అంది వెంగమ్మ.

"మీరు ఆవేశపడుతున్నారు. నివేదికలో రెండే గడులున్నాయి. సందర్శక వినియోగం, లీకేజీ. మీ ఇంజను సందర్శకుడా?"

వెంగమ్మ ఆలోచించింది. "కాదు" అంది.

"అయితే మిగిలింది రెండోదే" అన్నారు ఫణిభూషణం గారు, సమస్య తేలిపోయినందుకు సంతోషిస్తూ.

"అయితే మాకీ ఆదర్శం వద్దు సార్. తీసెయ్యండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మొదటిసారి మామూలు మనిషిలాగా మాట్లాడారు. "చూడమ్మా. ఆదర్శంగా ఉన్నంతకాలం మీరు చేసేది ప్రయోగం. ఆదర్శం తీసేస్తే అదే పని లైసెన్సు లేని ఇంధన తయారీ అవుతుంది. షెడ్డుకు సీలు పడుతుంది. ఈ అబ్బాయి స్టేషన్లో కూర్చోవాలి. తర్వాత మీ ఇష్టం."

మరుసటి వారం లీకేజీ నివారణ కమిటీ వచ్చింది. మూడు జీపుల్లో వచ్చి, ఊరంతా పరిశీలించి, మూడు నమూనాలు తీసుకుని వెళ్ళింది.

చెంచురామయ్య తోట మొదట పోయింది. వాడిది వాగుకు దూరం, బిందెలతో మోయడానికి వీలుకానంత దూరం. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి సాళ్ళ మధ్య గొంతుకూర్చుని, ఒక మొక్క పీకి చూస్తున్నాడు. వేళ్ళకు అంటిన మట్టి పొడిపొడిగా రాలింది.   పీకిన మొక్కను మళ్ళీ అదే గుంటలో పెట్టి మట్టి అదిమాడు. నాకు ఇంత తెలుగు వచ్చీ వాడికి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు.

వెంగమ్మ తోట సగం నిలిచింది. ఆమె, ఆమె తోడికోడలు కలిసి బిందెలతో నీళ్ళు మోసి నిలబెట్టారు.

అటువంటి సమయంలో రాజధాని నుంచి ప్రత్యేక పరిశీలక బృందం వస్తోందని కబురొచ్చింది. పన్నెండు బళ్ళు. డ్రమ్ములో అడుగు కనిపిస్తోంది. కొత్త కాయలు రాలాలంటే వేసవి రావాలి. చెంచురామయ్య ఫోను చేసి, "నూనె లేదు సార్" అన్నాడు.

"నూనె లేకపోవడం అనే పరిస్థితి ఆదర్శ గ్రామంలో ఉత్పన్నం కాదు" అని ఫణిభూషణం గారు ఫోను పెట్టేశారు.

ఆ సాయంత్రం సంఘం కూర్చుంది. వెంగమ్మ చెవుల కమ్మలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమెను చూసి ఇంకొందరు లేచి ఇళ్ళకు వెళ్ళి, ఉన్నదేదో తెచ్చారు. తెల్లవారి అవి కుదువపెట్టి, ట్రాక్టరు కట్టుకుని హైవే మీద గోపాలశెట్టి బంకుకు వెళ్ళి, డ్రమ్ముల నిండా డీజిలు కొనుక్కొచ్చాం. జీవ ఇంధన సంఘం తన బంకుకు రావడం చూసి గోపాలశెట్టి కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు. "మీ దెబ్బకి నా వ్యాపారం పడిపోయిద్దని నేను ఏడస్తంటే, మీరే వస్తిరా!" అన్నాడు.

బృందం వచ్చింది. పన్నెండు ట్యాంకులూ నిండాయి. ఒక శాస్త్రవేత్త నిజంగానే సీసాలో పట్టి తీసుకెళ్ళాడు. మా పని అయిపోయిందనుకున్నాం. వారం తర్వాత పరీక్ష ఫలితం వచ్చింది. 'గత నమూనాలతో పోల్చగా వాసన లేదు. చిక్కదనం తగ్గినది. పెట్రోలియం డీజిలుతో ఏ విధమైన భేదమూ కనుగొనజాలకపోతిమి. సంఘం సాధించిన సాంకేతిక పురోగతి అపూర్వము.'

జిల్లా కేంద్రంలో సన్మానం పెట్టారు. వేదిక మీద శాలువా కప్పగానే వెంగమ్మ మైకు పట్టుకుంది. ఆమె ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. ఆపాలనుకున్నాను గానీ, మూడో వరసలో చెంచురామయ్య మొహం చూసి ఆగాను.

"అయ్యలారా, మీరు మెచ్చుకుంది మా నూనె కాదు. అది బంకులో డీజిలు. మా నూనె మీ బళ్ళు ఎప్పుడో తాగేసినయి. మా తోటలు ఎండిపోయినయి" అంది.

 ఫణిభూషణం గారు చటుక్కున లేచి మైకు అందుకున్నారు.

"వెంగమ్మ గారి వినయం చూశారా? తమ ఉత్పత్తిని బంకు డీజిలుతో సమానమని ఎంత అచ్చమైన గ్రామీణ శైలిలో చెప్పారు! తోటలు సైతం ఎండగట్టుకుని దేశానికి ఇంధనం అందించిన త్యాగమూర్తి!"

చప్పట్లు ఆగలేదు. వెనుక వరసల్లో కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

వచ్చేటప్పుడు చెంచురామయ్య ట్రాక్టరు తోలాడు. వెంగమ్మ శాలువా మడతపెట్టి కింద వేసుకుని కూర్చుంది. ఊరు దగ్గరికొచ్చాక ఉన్నట్టుండి, "అయ్యోరా, వాళ్ళకి కావాల్సింది నూనె కాదు గదా?" అని నన్నడిగింది.

"మరి?"

"పేరు. పేరు యాడుంటే బళ్ళు ఆడికి పోతయి. ఇచ్చేద్దాం."

చెంచురామయ్య బండి ఆపేశాడు. "ఏం ఇచ్చేద్దాం?"

"సంఘం పేరూ, ఆ బోర్డూ."

"నా చేత్తో రాసుకున్నానత్తా."

"తెలుసురా."

"తోట బోయింది. అదిగూడా ఇయ్యాల్నా?"

వెంగమ్మ వాడి భుజం మీద చెయ్యేసింది. "బోర్డుకి నీళ్ళు పెడతావా, తోటకి పెడతావా చెప్పు. రెండిటికీ మన దగ్గర నూనె లేదు."

వాడు స్టీరింగు మీద తల ఆనించాడు. తర్వాత బండి తీశాడు.

మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్ళి చెప్పిన మాటలు నేను స్వయంగా విన్నాను. మా ఊరి దారి గతుకులని, పెద్దపెద్ద ఆఫీసర్ల నడుములకు నొప్పులు పుడుతున్నాయని, చూడలేక తమ మనసు కలుక్కుమంటోందని అంది. హైవే మీద బంకు పక్కన గోపాలశెట్టికి ఖాళీ జాగా ఉందని, తారు రోడ్డని, ఎదురుగానే భోజన హోటలుందని అంది. హోటలు మాట వినగానే ఫణిభూషణం గారు పెన్ను తీశారు.

"అంటే సంఘాన్ని గ్రామం నుంచి విడదీసి, ప్రజలకు మరింత చేరువగా తీసుకుపోవడం అన్నమాట. చాలా దార్శనికత ఉన్న ప్రతిపాదన. అయితే గ్రామంలో తయారీ?"

"మాకెందుకు సార్ అయ్యన్నీ. పొలం పనోళ్ళం. మానేస్తం."

"మంచిది. లీకేజీ సున్నా అవుతుంది" అన్నారాయన.

నెల తిరక్కుండా ఆదర్శ జీవ ఇంధన విజ్ఞాన కేంద్రం లేచింది. చెంచురామయ్య బోర్డును అద్దాల పెట్టెలో పెట్టారు. గోపాలశెట్టి గౌరవాధ్యక్షుడయ్యాడు. బళ్ళు వస్తాయి, కేంద్రం చూస్తాయి, హోటల్లో భోంచేస్తాయి, పక్క బంకులో నమూనా నింపుకుంటాయి. ఆ నమూనాల కోసం ప్రత్యేకంగా నిధి మంజూరైంది. నమూనా ధర డీజిలు ధర కంటే కొంచెం ఎక్కువ, ఎందుకంటే అది జీవ ఇంధనం. గోపాలశెట్టి పండక్కి వెంగమ్మ ఇంటికి చీర పెట్టి పంపాడు.

వేసవిలో కానుగ కాయలు రాలాయి. ఈసారి బోర్డు లేదు, సభ లేదు, కార్యదర్శి లేడు. ఆడవాళ్ళు పుల్లలకు వెళ్ళినట్టు వెళ్ళి గింజలు ఏరుకొచ్చారు. వెంగమ్మ గొడ్లచావిట్లో డ్రమ్ము పెట్టారు. నేను ఏ పదవీ లేకుండా నూనె కలియబెట్టాను. చెంచురామయ్య మొదట్లో ముభావంగా ఉన్నాడు గానీ, పైన తేనె రంగు తేలగానే "అయ్యోరా, ఇటు చూడండి" అని నా చెయ్యి పట్టుకు లాగాడు.

ఆ ఏడు వాడి తోట నడుమెత్తు పెరిగింది.

మళ్ళీ పూత మీదున్న రోజుల్లో ఒక పొద్దున మేమంతా గట్టు మీద ఉండగా, ఒక జీపు దారి తప్పి వచ్చి ఆగింది. ఫణిభూషణం గారు బదిలీ అయి, గాలిమరల విభాగానికి వెళ్ళారట. ఆయన స్థానంలో వచ్చిన కుర్ర ఆఫీసరు దిగి, హైవే మీది కేంద్రానికి దారి అడిగాడు. వెంగమ్మ చెప్పింది.

"అంత దగ్గర్లో ఉండి మీరు చూడలేదా అమ్మా? కానుగ గింజలతో ఇంధనం ఎలా చేయాలో అక్కడ ఉచితంగా నేర్పుతారు. మీలాంటి వాళ్ళు తప్పక నేర్చుకోవాలి."

"పనులైనాక పోతాం సార్."

అతను జీపెక్కబోతూ ఆగాడు. గాలి ఇటు తిరిగింది. ముక్కు ఎగబీల్చి, టకటకమంటున్న ఇంజను దగ్గరికి నడిచాడు. చెంచురామయ్య చేతిలో నూనె క్యాను ఉంది. కదిలితే చూస్తాడని వాడు కదల్లేదు. నాకు స్టేషనూ, సీలూ అన్నీ కళ్ళముందు తిరిగాయి.

"ఈ ఇంజను దేని మీద నడుస్తోందమ్మా?" అన్నాడు ఆఫీసరు.

వెంగమ్మ పార ఆపకుండా, సాల్లోకి నీళ్ళు మళ్ళేలా మడవ కట్టుకుంటూనే చెప్పింది.

"గట్టు మీద సార్."

అతను ఇంజన్ను చూశాడు. దాని కింద గట్టును చూశాడు. అందులో తప్పేమీ కనిపించలేదు. తలూపి జీపెక్కాడు. అది మలుపు తిరిగి దుమ్ము అణిగేదాకా ఆగి, చెంచురామయ్య క్యాను మూత తీశాడు.